రికవరీ డిస్కులు మొరాయించినప్పుడు సంఘం లెక్కలను కాపాడుకొనుట ఎట్లు?

కట్టంగూర్, నార్కట్‌పల్లి, నకిరేకల్ వంటి చోట్ల ఏ పాల సంఘానికి తనిఖీకి వెళ్లినా మేము మొదట అడిగేవి పాల సేకరణ రిజిష్టరు, చెల్లింపు పట్టీ. నేడు పలు సంఘాలలో ఈ రెండూ ల్యాప్‌టాప్‌లోనే ఉంటున్నాయి. 80 మంది సభ్యులున్న సంఘంలో ఉదయం, సాయంత్రం పాలు పోస్తే 15 రోజులకు 2,400 పద్దులవుతాయి. ప్రతి పద్దులోను లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర ఉంటాయి. ఒకనాడు ల్యాప్‌టాప్ తెరుచుకోకపోతే బిల్లు ఆగుతుంది. బిల్లు ఆగితే దాణా బాకీ తీరదు. కనుక ఇది కార్యదర్శి ఒక్కరి సమస్య కాదు, సభ్యులందరూ తెలిసికొనదగిన విషయం.

ల్యాప్‌టాప్‌లో ఉండేవి రెండు. ఒకటి యంత్రాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టం. మనవద్ద ఎక్కువగా ఉన్నది విండోస్. రెండవది మన లెక్కలు. మొదటిది చెడితే మరల వేసుకొనవచ్చును. రెండవది పోతే ఏ కంపెనీ కూడ తెచ్చి ఇవ్వలేదు. ఈ భేదాన్ని మనసులో ఉంచుకొని మిగతా పని చేయవలెను.

రికవరీ డిస్కులో ఉన్న ప్రమాదం

పాత ల్యాప్‌టాప్‌లకు రికవరీ డిస్కులు ఉండేవి. కొన్నిటికి కంపెనీవారే ఇచ్చేవారు. కొన్నిటికి కొన్నవారే ఖాళీ డీవీడీల మీద తయారు చేసుకొనవలసి వచ్చేది. మామూలు డీవీడీలో 4.7 జీబీ మాత్రమే పడుతుంది గనుక ఒక సెట్టుకు కొన్ని డిస్కులు కావలసి ఉండేవి. ఇంట్లో తయారు చేసిన డిస్కులో సమాచారం ఒక రంగు పొర మీద ఉంటుంది. ఎండ, వేడి, గీతలు తగిలితే ఆ పొర చెడుతుంది. మన ప్రాంతపు వేసవిలో రేకుల గదిలోని బీరువాలో ఏళ్ల తరబడి ఉన్న డిస్కును గుడ్డిగా నమ్మరాదు.

ఇందులో అసలు ప్రమాదం వేరే ఉన్నది. ఇట్టి డిస్కులు సాధారణంగా హార్డ్ డిస్కును ముందు పూర్తిగా తుడిచి, ఆ తరువాత కొత్తగా నింపుతాయి. మొదటి డిస్కు బాగా నడిచి మూడవది చదవబడకపోతే పాతదీ ఉండదు, కొత్తదీ రాదు. కొత్త పాలు రాకముందే క్యాను బోర్లించి కడిగినట్లు అవుతుంది. కనుక లెక్కలను వేరే చోటికి ఎక్కించుకొనక ముందు రికవరీ డిస్కు వేయనే రాదు.

చేయవలసిన పనుల వరుస

1. లెక్కలను బయటికి తీయవలెను. విండోస్ తెరుచుకోకపోయినా హార్డ్ డిస్కు బాగుంటే లెక్కలు అందులోనే ఉంటాయి. ఉబుంటు వంటి ఉచిత సిస్టంను పెన్‌డ్రైవ్ నుండే నడిపి, హార్డ్ డిస్కుకు ఏమీ చేయకుండా ఫైళ్లను మరొక డ్రైవులోనికి ఎక్కించవచ్చును. లేదా హార్డ్ డిస్కును విప్పి మరొక కంప్యూటరుకు తగిలించి తీయవచ్చును. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు బిట్‌లాకర్ అను తాళం ఉంటుంది. దానికి 48 అంకెల సంఖ్య కావలెను. దానిని ముందే వ్రాసి భద్రపరచవలెను.

2. డిస్కును పరీక్షించవలెను. మెత్తని బట్టతో మధ్య నుండి అంచు వైపుకు నిలువుగా తుడవవలెను, గుండ్రంగా రుద్దరాదు. మరొక డ్రైవులో పెట్టి చూడవలెను. లోపం డిస్కులో కాక డ్రైవులోనే ఉండవచ్చును. ఏ కంప్యూటరులోనైనా చదవబడితే వెంటనే నకలు తీయవలెను.

3. డిస్కులు పనికిరావని తేలితే నిరాశపడనక్కరలేదు. మైక్రోసాఫ్ట్ వెబ్‌సైటు నుండి, బాగున్న మరొక కంప్యూటరులో, కనీసం 8 జీబీల పెన్‌డ్రైవ్ మీద విండోస్‌ను ఉచితంగా దించుకొనవచ్చును. ఆ పెన్‌డ్రైవ్‌లో అంతకు ముందున్నది చెరిగిపోతుంది గనుక ఖాళీదే వాడవలెను.

4. లైసెన్సుకు మరల డబ్బు కట్టేముందు విచారించవలెను. లైసెన్సుతో విండోస్ 10 గాని 11 గాని నడిచిన యంత్రంలో అదే రకపు విండోస్ మరల వేస్తే, మదర్‌బోర్డు మార్చనంత వరకు, ఇంటర్నెట్‌కు కలిపినప్పుడు లైసెన్సు సాధారణంగా దానంతటదే గుర్తించబడుతుంది.

5. చివరగా పాల సేకరణ ప్రోగ్రాం, ప్రింటరు, పాల పరీక్ష యంత్రపు అనుసంధానం సరిచూసి, లెక్కలను తిరిగి ఎక్కించవలెను. గత చెల్లింపు పట్టీతో మొత్తాలు సరిపోయిన తరువాతనే కొత్త బిల్లు తీయవలెను.

ఇంకొక మాట. పాత డిస్కు బాగా పనిచేసినా అది తెచ్చేది ఆనాటి విండోస్‌నే. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. సభ్యుల బ్యాంకు ఖాతాల పని జరిగే యంత్రంలో మద్దతు లేని సిస్టం ఉంచుట క్షేమం కాదు. పాత యంత్రం విండోస్ 11కు తగునో లేదో, మన పాల ప్రోగ్రాం అందులో నడుచునో లేదో ముందే విచారించవలెను.

పాలకవర్గం చేయవలసిన తీర్మానం

ప్రతి చెల్లింపు నాడు లెక్కల నకలు రెండు పెన్‌డ్రైవ్‌లలో తీయవలెను. ఒకటి సంఘ కార్యాలయంలోను, రెండవది అధ్యక్షుల వద్ద ఉంచవలెను. ఆరు నెలలకొకసారి ఆ నకలును మరొక కంప్యూటరులో తెరిచి చూడవలెను. తెరిచి చూడని నకలు చెడిన డిస్కుతో సమానం. కాగితపు రిజిష్టరును మానరాదు. ఈ నాలుగు అంశాలను వచ్చే సమావేశపు ఎజెండాలో చేర్చి, తీర్మానాన్ని మినిట్స్ పుస్తకంలో వ్రాయించవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. పోసిన పాలకు లెక్క అడిగే హక్కు సభ్యునిది. ఆ లెక్క చెడకుండా చూచుట సంఘం బాధ్యత.