వ్యర్థాలతో ఫర్నిచర్: కీలకమంతా జిగురులోనే

మీ తరగతి గదిలోని బల్ల అంచును ఒకసారి పరిశీలించండి. పైపొర లేచిన చోట చెక్క నారలకు బదులు, అదిమి అతికించిన రంపపు పొట్టు వంటిది కనిపిస్తే అది పార్టికల్ బోర్డు. ఇటువంటి బోర్డును కలప పొట్టుతోనే కాదు, పంట వ్యర్థాలతో కూడా చేయవచ్చు.

మన దేశంలో ఈ ప్రయత్నాలకు బలమైన కారణం ఉంది. అనుమతి లేకుండా అడవుల్లో నడుస్తున్న రంపపు మిల్లులు, ప్లైవుడ్ మిల్లులు ఆగిపోవాలని 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఫర్నిచర్ కావాలి, అడవీ మిగలాలి. మరి ముడిసరుకు ఎక్కడ దొరుకుతుంది?

చెరకు పిప్పి బోర్డు

ఒక టన్ను చెరకును గానుగాడితే సుమారు 250 నుంచి 300 కిలోల పిప్పి మిగులుతుంది. అందులో దాదాపు సగం తేమే. పిప్పిలోని బెండు వంటి మెత్తని భాగాన్ని ముందుగా వేరుచేస్తారు. అది నీటిని, జిగురును పీల్చుకుని బోర్డును బలహీనపరుస్తుంది. మిగిలిన నారను ఆరబెట్టి, జిగురు కలిపి, వేడి ప్రెస్సులో అదుముతారు. కలప, ఇతర నార పదార్థాలతో చేసే ఇటువంటి బోర్డులకు ఐఎస్ 3087 అనే భారతీయ ప్రమాణం ఉంది.

అయితే పిప్పి పూర్తిగా వృథా పదార్థం కాదు. చక్కెర మిల్లులు దాన్ని మండించి ఆవిరిని, విద్యుత్తును తయారుచేసుకుంటాయి. బోర్డులకు మళ్ళించిన పిప్పికి బదులు మిల్లులో బొగ్గు మండితే పర్యావరణానికి ఒరిగేదేమిటి? కనుక మిగులు పిప్పి ఉన్నచోటే ఈ పరిశ్రమకు అర్థం ఉంటుంది.

అసలు చిక్కు

పిప్పి మట్టిలో కుళ్ళిపోతుంది. కానీ బోర్డుల తయారీలో విరివిగా వాడే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు సంగతి వేరు. తేమ, వేడి తగిలినప్పుడు అది కొద్దికొద్దిగా విడిపోతూ ఫార్మాల్డిహైడ్ వాయువును వదులుతుంది. కళ్ళు, ముక్కు మండించే ఈ వాయువును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. అందువల్ల పంట వ్యర్థంతో చేసినంత మాత్రాన బల్ల పర్యావరణ హితం అయిపోదు.

విడిగా జిగురు కలపని పద్ధతులు

పండ్ల రసాలు వచ్చే అట్టపెట్టెల్లో సుమారు 75 శాతం కాగితపు అట్ట, 20 శాతం పాలిథీన్, 5 శాతం అల్యూమినియం ఉంటాయి. వీటిని ముక్కలు చేసి వేడిగా అదిమితే, 110 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కరిగే పాలిథీనే జిగురుగా పనిచేస్తుంది. ఈ రేకులతో బడి బెంచీలు చేస్తున్నారు. ఇవి నీటికి తట్టుకుంటాయి, పాతబడితే మళ్ళీ ముక్కలు చేసి అదమవచ్చు. మట్టిలో మాత్రం కలిసిపోవు.

రెండో పద్ధతిలో ఆ పని శిలీంధ్రం చేస్తుంది. శుద్ధిచేసి తడిపిన పంట వ్యర్థాన్ని అచ్చులో నింపి శిలీంధ్ర బీజం కలుపుతారు. కొద్ది రోజుల్లో దాని సన్నని పోగులు ముక్కలను అల్లుకుని బిగిస్తాయి. తరువాత వేడిచేసి పెరుగుదలను ఆపేస్తారు. ఈ పదార్థం మట్టిలో కలిసిపోతుంది. కానీ తేలికైనది కావడం వల్ల ప్యాకింగుకు, పలకలకు సరిపోయినంతగా బరువు మోసే కుర్చీ కాళ్ళకు సరిపోదు.

ఏది మేలు?

ఒకటి మట్టిలో కలుస్తుంది, మరొకటి మళ్ళీ వాడుకకు వస్తుంది. రెండూ మంచి గుణాలే. కానీ వానకు ఉబ్బి రెండేళ్ళలో విరిగే బల్ల కంటే ఇరవై ఏళ్ళు నిలిచే బల్ల వనరులను ఎక్కువగా ఆదా చేయగలదు. పైగా మొక్క గాలి నుంచి తీసుకున్న కార్బన్ అన్నేళ్ళూ బల్లలోనే నిలిచి ఉంటుంది.

ఆలోచించండి

ఇకపై "వ్యర్థాలతో చేసినది" అన్న ఫర్నిచర్‌ను చూసినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. ఆ పదార్థం నిజంగా వృథా అయ్యేదేనా? దాన్ని కలిపి ఉంచినది ఏది? ఎన్నాళ్ళు నిలుస్తుంది? విరిగాక ఎక్కడికి పోతుంది? మీ బడిలో మూలన పడి ఉన్న విరిగిన బల్లలతోనే ఈ పరిశీలన మొదలుపెట్టవచ్చు.