చలి పొద్దున... చేపతో పందెం!

జనవరి తెల్లవారుజాము. మీరాలం చెరువు మీద మంచు తెర ఇంకా తొలగలేదు. చెవులకు మఫ్లర్లు చుట్టుకుని గట్టు మీద దూరందూరంగా కూర్చున్నారు నలుగురైదుగురు. ఒక్కొక్కరి ముందూ ఒక గాలపు కర్ర, పక్కన పిండి ముద్ద, చూపంతా నీటి మీద తేలుతున్న బెండు మీదే! జూపార్కులో ఏదో జంతువు గట్టిగా అరిచింది. ఎవరూ తల తిప్పలేదు. అరగంట గడిచింది. ఒక బెండు చిన్నగా వణికింది... అంతే, మిగతా అందరి కళ్లూ అటే!

పేరుకు వాళ్లంతా కాలక్షేపానికే వచ్చారు. కప్పు లేదు, సర్టిఫికెట్ లేదు. అయినా పక్కవాడి బెండు మునిగితే తన బెండు వంక చూసుకోని గాలంగాడు ప్రపంచంలో ఉండడు. అది పోటీయే మరి!

పాతబస్తీ, చేప... ఈ రెండు మాటలూ కలిపి వినగానే ఎవరికైనా గుర్తొచ్చేది మృగశిర కార్తె. దూద్‌బౌలీలో మొదలైన బత్తిని కుటుంబీకుల చేప ప్రసాదం, దానికోసం జూన్‌లో బారులు తీరే జనం. అదంతా ఒక్కరోజు సందడి. గాలంగాళ్ల కథ అందుకు పూర్తిగా వ్యతిరేకం. చప్పుడు చేస్తే చేప రాదు. అందులోనూ చలికాలమైతే ఓపిక ఉన్నవాడికే చేప!

ఈల మోగితే మొదలు

మనదగ్గర సరదాగా సాగే ఈ పని ఇంగ్లండ్ లాంటి దేశాల్లో పక్కా నిబంధనలున్న ఆట. కార్ప్ జాతి చేపల కోసం అక్కడ శీతకాలంలోనూ పోటీలు పెడతారు. చెరువు చుట్టూ అంకెలు వేసిన స్థానాలుంటాయి. ఎవరెక్కడ కూర్చోవాలన్నది చీటీ తీసి తేలుస్తారు. ఈల మోగాకే గాలం నీళ్లలో పడాలి, మళ్లీ మోగగానే బయటికి తీయాలి. మధ్యలో అయిదారు గంటలు పోటీ. పట్టిన చేపల్ని నీళ్లలోనే వేలాడే పొడవాటి వల సంచిలో ఉంచుతారు. చివర్లో తూకం వేసి, ప్రాణంతోనే చెరువులోకి వదిలేస్తారు. ఎన్ని పట్టారన్నది కాదు, మొత్తం ఎంత బరువు తూగిందన్నదే లెక్క.

అసలు మజా అంతా ఈ లెక్కలోనే ఉంది. ఒకతను పావుకిలో చేపలు 9 పట్టాడనుకుందాం. మొత్తం రెండుంపావు కిలోలు. పక్కవాడు పొద్దుటి నుంచి ఖాళీగా కూర్చుని ఆఖరి పది నిమిషాల్లో రెండున్నర కిలోల చేపను లాగాడా... గెలుపు అతనిదే! అందుకే చిన్న చేపలతో సరిపెట్టుకోవాలా, పెద్దదాని కోసం కాచుకోవాలా అన్నది ప్రతి పోటీదారుకీ తేలని చిక్కుముడి. చలిరోజున ఆ ముడి మరీ బిగుస్తుంది. ఎందుకంటే అసలు చేపకు ఆకలే ఉండదు!

చలి చేపకూ ఉంటుంది

మనకు చలేస్తే స్వెట్టర్ వేసుకుంటాం. లోపల ఒంటి వేడి మారదు. చేప సంగతి అలా కాదు. నీళ్లు ఎంత చల్లగా ఉంటే దాని ఒళ్లూ అంతే చల్లబడుతుంది. దాంతో అరుగుదల మందగిస్తుంది, కదలిక తగ్గుతుంది. కార్ప్ జాతి చేపలకు మనలా జీర్ణాశయం కూడా ఉండదు. తిన్నది నేరుగా పేగులోకే వెళుతుంది. కాబట్టి ఒకేసారి కడుపు నింపుకుని కూర్చోవు, కొంచెం కొంచెంగా తింటూ ఉంటాయి. చలిలో ఆ కొంచెమూ తగ్గిపోతుంది. మన రోహు, బొచ్చె లాంటివి ఉష్ణదేశపు చేపలు. నీటి వేడి 14 డిగ్రీల కన్నా తగ్గితే వాటికి బొత్తిగా పడదు.

హైదరాబాద్‌లో చెరువు నీళ్లు అంత చల్లబడటం అరుదే. గాలి చల్లబడినంత త్వరగా నీళ్లు చల్లబడవు. అందుకే చలి మొదలైన మొదటిరోజు చేపలు మామూలుగానే తిరుగుతాయి. వరసగా నాలుగైదు రాత్రులు చలి కొట్టాకే అసలు కష్టం. అప్పుడు గాలంగాడు మూడు పనులు చేయాలి. ఎర చిన్నది చేయాలి. చేపల్ని రప్పించడానికి చల్లే పిండి తగ్గించాలి, లేకపోతే ఉన్న కాస్త ఆకలీ దాంతోనే తీరిపోతుంది. చివరిది, ఎండ కోసం ఆగాలి. తెల్లవారుజామున ముడుచుకున్న చేపలు మధ్యాహ్నానికి ఎండ తగిలే లోతులేని చోటికి చేరతాయి. ‘పొద్దున్నే వచ్చినవాడికే చేప’ అన్న మాట ఎండాకాలానికి చెల్లుతుందేమో కానీ, చలికాలంలో చెల్లదు!

అంతస్తుల్లో కాపురం

చెరువంటే మనకు పైకి కనిపించే నీళ్లే. గాలంగాడికి మాత్రం అదో మూడంతస్తుల మేడ. పై అంతస్తులో బొచ్చె ఉంటుంది. దాని నోరే పైకి తిరిగి ఉంటుంది మరి! మధ్యలో రవ్వ, అంటే రోహు. అడుగున మ్రిగాల. బెండుకూ గాలానికీ మధ్య దారం ఎంత వదిలారన్నదాన్ని బట్టే ఏ అంతస్తు తలుపు తట్టినట్టో తేలుతుంది. అడుగునే తిరిగే ఇంకో చేప బంగారుతీగ. మీసాలతో బురదలో రుచి వెతుక్కుంటుంది. చలికి మిగతావాటికన్నా బాగా తట్టుకుంటుంది. ఇంగ్లండ్ పోటీల్లో కార్ప్ అంటే ప్రధానంగా ఇదే.

బంగారుతీగ మన చేప కాదు. 1939లో ఒక రకాన్ని నీలగిరులకు తెచ్చారు. మైదానాల వేడికి తట్టుకునే మరో రకం 1957లో బ్యాంకాక్ నుంచి వచ్చింది. అదే ఏడాది జులై 10న ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి హార్మోన్ ఇంజెక్షన్‌తో మన కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించారు. అంతకుముందు చేపపిల్లలు కావాలంటే నదుల్లో ఏరుకోవాల్సిందే. నేడు ఊరూరా చెరువుల్లో రవ్వ, బొచ్చె పెరుగుతున్నాయంటే ఆ ప్రయోగమే మూలం. 2006లో హైదరాబాద్‌లో ఏర్పాటైన జాతీయ మత్స్య అభివృద్ధి మండలికి ఏకంగా చేప ఆకారంలోనే భవనం కట్టారు. శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లే దారిలో కనిపించే ఆ పెద్ద ‘చేప’కు మీరాలం చెరువు ఎంతో దూరం కాదు.

ఇక గాలంతో పట్టిన బంగారుతీగల్లో అత్యంత ప్రసిద్ధమైనది ఇంగ్లండ్‌లోని రెడ్‌మైర్ చెరువుది. 1952 సెప్టెంబరులో రిచర్డ్ వాకర్ దాన్ని పట్టారు. బరువు 44 పౌండ్లు, అంటే దాదాపు 20 కిలోలు! దాన్ని కూర వండుకోలేదు. ప్రాణంతో లండన్ జూకి పంపించారు. ‘క్లారిస్సా’ పేరుతో చాలా ఏళ్లు సందర్శకుల్ని అలరించిందది.

రాజుగారి వినోదం

గాలం ఆట తెల్లవాళ్లు నేర్పిందనుకుంటే పొరపాటే. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథం రాశాడు. అందులో ‘మత్స్యవినోదం’ పేరుతో చేపలకో అధ్యాయమే ఉంది. ఏ చేపకు ఏ మేత ఇష్టం, గాలం ఎలా వేయాలి... అన్నీ వివరంగా చెప్పాడు. ఆయన రాజధాని కల్యాణి అంటే బీదర్ జిల్లాలోని నేటి బసవకల్యాణ్. 1956 దాకా అది హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. ఆ తర్వాత ఎప్పటికో, 1887లో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసిన హెచ్.ఎస్. థామస్ భారతదేశపు చెరువుల్లో గాలం వేయడం గురించే ప్రత్యేకంగా ఓ పుస్తకం అచ్చువేయించారు. రాజులు పోయారు, దొరలు పోయారు. పిండిముద్ద మాత్రం అలాగే ఉంది!

చెరువుకే చలి పుడితే?

మీరాలం చెరువుకు రెండొందల ఏళ్లు దాటాయి. నిజాం దివాను మీర్ ఆలం హయాంలో 1804లో పని మొదలై 1806లో పూర్తయింది. తిన్నని గోడ కాదు, పక్కపక్కనే 21 అర్ధచంద్రాకారపు కమానులతో కట్టిన ఆనకట్ట. ప్రపంచంలో ఈ తరహావాటిలో మొట్టమొదటి వరసలో నిలుస్తుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చేదాకా నగరం దాహం తీర్చింది కూడా ఇదే.

ఒకప్పటి ఆ మంచినీళ్ల చెరువులోకి చుట్టుపక్కల కాలనీల మురుగు చేరడం మొదలై ఏళ్లు గడిచాయి. గుర్రపుడెక్క కమ్ముకోవడం, దాన్ని తొలగించడం, మళ్లీ పెరగడం... ఇదే వరస. దీని ప్రభావం ముందుగా తెలిసేది గాలంగాడికే. చల్లటి నీళ్లు నిజానికి ఎక్కువ ప్రాణవాయువును పట్టి ఉంచుతాయి. అంటే చలికాలంలో చేపకు ఆకలి తగ్గినా ఊపిరికి ఇబ్బంది ఉండకూడదు. కానీ మురుగు కుళ్లేకొద్దీ ఆ ప్రాణవాయువు కరిగిపోతుంది. రాత్రంతా తగ్గి తగ్గి తెల్లవారేసరికి అడుగంటుతుంది. అప్పుడే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. కొత్తవాళ్లు దాన్ని చూసి ‘అబ్బ, ఎన్ని చేపలో!’ అని మురిసిపోతారు. తెలిసినవాడు గాలం చుట్టేస్తాడు. అవి మేత కోసం కాదు, ఊపిరి కోసం వచ్చాయని అతనికి తెలుసు. ఆ నీటి చేపను ఇంటికి తీసుకెళ్లడానికీ మనసొప్పదు.

విదేశాల్లో పోటీ పెట్టేముందు చెరువు బాగుందో లేదో చూస్తారు. పట్టిన చేపను తడిచేతులతోనే తాకాలి, ఒంటి మీది జిగురు పొర ఊడకుండా వదలాలి అని నిబంధన పెడతారు. చేప మళ్లీ బతికితేనే వచ్చే ఆదివారం పోటీ ఉంటుందని వాళ్లకు తెలుసు. మనదగ్గర చెరువుల్లో చేపలు పట్టే హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘాలది. వాళ్ల అనుమతితో గాలం వేసుకునేవాడికి అది సరదా, ఆ సంఘంలోని కుటుంబాలకు మాత్రం అదే బువ్వ. నీళ్లు పాడైతే ఇద్దరూ ఓడినట్టే.

ఎండ కాస్త ఎక్కింది. గట్టు మీద మఫ్లర్లు ఒక్కొక్కటే విప్పుతున్నారు. లోతులేని ఓ మూల బెండు ఒకటి చటుక్కున మునిగింది. కర్ర వంగింది. కాసేపు లాగులాట... ఒడ్డుకొచ్చింది అరకిలో కూడా తూగని బంగారుతీగ! పట్టినవాడి మొహంలో మాత్రం పదికిలోలు కొట్టినంత సంబరం. ఎందుకుండదు మరి... ఇంత చలిలోనూ ఆకలేసిందంటే ఆ చేప బాగున్నట్టే. చేప బాగుందంటే, చెరువుకింకా ప్రాణమున్నట్టే!