స్విచ్‌లో తూములు, లష్కర్లు

వీల్యాన్, ఎస్టీపీ, క్యూఓఎస్... కంప్యూటర్ నెట్‌వర్క్స్ సబ్జెక్టులో ఈ పొట్టి పేర్లకు ఫుల్ ఫామ్ అడిగితే అందరం టకటకా చెప్తాం. అసలు అవి ఎందుకు పుట్టాయని వైవాలో అడిగితే మాత్రం క్లాసంతా సైలెంట్. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. అయినా ఇవన్నీ నాకు టెక్స్ట్‌బుక్ కంటే మా కాలువ భాషలోనే తొందరగా ఎక్కాయి.

మాది నిజాంసాగర్ ఆయకట్టు. మంజీర మీద ఈ ప్రాజెక్టును 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దాని ఇంజినీరు. ప్రధాన కాలువ, దాని నుంచి నంబర్లున్న డిస్ట్రిబ్యూటరీలు, వాటికి తూములు, ఆ తర్వాత పొలం కాలువలు. గేటు ఎత్తేది, దించేది లష్కర్. ప్రాజెక్టు నిండితే సరిపోదు, ఎవరికి ఎప్పుడు వదులుతున్నారన్నదే లెక్క. నమ్మకపోతే చివరి ఆయకట్టు రైతుని అడగండి.

మామూలు స్విచ్‌కు వైరు గుచ్చితే చాలు, పనిచేస్తుంది. కానీ అందులో మనం తిప్పగలిగే గేటు ఒక్కటీ ఉండదు. మేనేజ్డ్ స్విచ్‌లో లాగిన్ అయి ఒక్కో పోర్టుకు రూల్ పెట్టొచ్చు. కింద చెప్పేవన్నీ ఆ రూల్సే.

వీల్యాన్: ఒకే స్విచ్, వేరు వేరు కాలువలు

ఒకే స్విచ్‌కు ఆఫీసు, ల్యాబ్, హాస్టల్ మూడూ కలిపారనుకోండి. వీల్యాన్ పెడితే ల్యాబ్‌లో పుట్టిన బ్రాడ్‌కాస్ట్ ఆఫీసు వైపు పోదు. రెండు స్విచ్‌ల మధ్య ఒకే వైరులో అన్ని వీల్యాన్‌లూ పోవాలంటే ప్రతి ఫ్రేమ్‌కు 4 బైట్ల ట్యాగ్ తగిలిస్తారు. ఇదే 802.1క్యూ. ట్యాగ్‌లో వీల్యాన్ నంబరుకు 12 బిట్లు. అంటే 4096 నంబర్లు, మొదటిది, చివరిది తీసేస్తే వాడుకోడానికి 4094. ఇలా ట్యాగులతో పోయే లింకు ట్రంక్. మన పీసీ గుచ్చేది యాక్సెస్ పోర్ట్. ఒక వీల్యాన్ నుంచి ఇంకోదానికి పోవాలంటే మధ్యలో రౌటర్ గానీ లేయర్ 3 స్విచ్ గానీ కావాలి.

ఎస్టీపీ: చదును నేలకు వాలు

కాలువతో పోలిక ఇక్కడ తిరగబడుతుంది. నీళ్లు పంచితే తగ్గుతాయి. బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ పంచితే పెరుగుతుంది, ఎందుకంటే స్విచ్ దాన్ని అన్ని పోర్టులకూ కాపీ చేసి పంపుతుంది. పైగా నీళ్లకు పల్లం ఉంది కాబట్టి వెనక్కి రావు. ఈథర్నెట్‌కు పల్లం లేదు. ఐపీ ప్యాకెట్‌కు టీటీఎల్ ఉన్నట్టు ఫ్రేమ్‌కు ఆయుష్షు లెక్క కూడా లేదు. ఎవరో ఒక వైరు రెండు కొసలూ ఒకే స్విచ్‌లో గుచ్చితే చాలు, ఆ ఫ్రేమ్ తిరుగుతూ, పెరుగుతూ నెట్‌వర్క్ మొత్తాన్ని ముంచేస్తుంది. దీన్నే బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్ అంటారు.

1985లో డీఈసీ కంపెనీలో రేడియా పెర్ల్‌మన్ కనిపెట్టిన స్పానింగ్ ట్రీ దీనికి మందు. స్విచ్‌లన్నీ మాట్లాడుకుని ఒకదాన్ని రూట్‌గా ఎన్నుకుంటాయి. ప్రతి స్విచ్ రూట్‌కు దగ్గరి దారి ఒకటే ఉంచుకుంటుంది, లూప్ చేసే అదనపు పోర్టుల్ని బ్లాక్ చేస్తుంది. అంటే చదును నేలకు వాలు తయారుచేస్తుంది. వాడే లింకు తెగితే మూసిన గేటు తెరుచుకుంటుంది. పాత ఎస్టీపీకి ఇందుకు 30 నుంచి 50 సెకన్లు పట్టేది, ఆర్ఎస్టీపీ వచ్చాక బాగా తగ్గింది. మన క్లబ్ వాళ్లకు నచ్చే సంగతి: పెర్ల్‌మన్ ఆ అల్గారిథమ్ మీద 'అల్గోరైమ్' అని ఒక పద్యం కూడా రాశారు!

ఒక టిప్. రూట్ ఎన్నికలో తక్కువ ప్రయారిటీ నంబరుదే గెలుపు. మనం ముట్టుకోకపోతే అన్నిటికీ 32768 ఉంటుంది, అప్పుడు మ్యాక్ అడ్రస్ చిన్నగా ఉన్నది గెలుస్తుంది. అది మూలన పడున్న పాత స్విచ్ కూడా కావచ్చు. అందుకే మెయిన్ స్విచ్‌కు నంబరు మనమే తగ్గించి పెట్టాలి.

ఇదేదో పరీక్ష కోసం చదివే విషయం అనుకోకండి. 2002 నవంబర్‌లో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి నెట్‌వర్క్, స్పానింగ్ ట్రీ తట్టుకోలేనంతగా పెరిగి కుప్పకూలింది. సుమారు నాలుగు రోజులు డాక్టర్లు కాగితాల మీద పనిచేయాల్సి వచ్చింది.

ఎల్ఏసీపీ: రెండు వైర్లు, ఒకే లింకు

రెండు స్విచ్‌ల మధ్య రెండు వైర్లు వేస్తే ఎస్టీపీ ఒకటి మూసేస్తుంది కదా. రెండూ వాడాలంటే ఎల్ఏసీపీతో కట్టగట్టాలి. అయితే మామూలుగా ఒక కనెక్షన్ ఒకే వైరులో పోతుంది. రెండు 1 గిగాబిట్ వైర్లు కట్టినా మీ ఒక్క డౌన్‌లోడ్ 2 గిగాబిట్లు కాదు.

క్యూఓఎస్: వారబందీ

ట్యాగ్‌లోనే ప్రయారిటీకి 3 బిట్లున్నాయి, అంటే 0 నుంచి 7 దాకా ఎనిమిది స్థాయిలు. క్యూఓఎస్ కొత్త బ్యాండ్‌విడ్త్ పుట్టించదు, ఉన్నదాన్ని పంచుతుంది. ఎప్పుడూ పైస్థాయికే ముందు వదిలితే అది స్ట్రిక్ట్ ప్రయారిటీ. పైవాళ్లు ఆపకుండా వాడితే కిందివాళ్లకు చుక్క కూడా రాదు. వంతులు కట్టి ఎవరి వాటా వాళ్లకిస్తే వెయిటెడ్ రౌండ్ రాబిన్. మన కాలువ మీద వారబందీ కూడా వంతుల పద్ధతే. వాయిస్ కాల్‌కు మొదటిది, మిగతా ట్రాఫిక్‌కు రెండోది పెట్టడం మామూలు.

ఎస్ఎన్ఎంపీ: కాలువ గట్టు మీద నిఘా

ఏ పోర్టులో ఎంత పోతుంది, ఏది పడిపోయింది అని దూరం నుంచే అడిగి తెలుసుకునే పద్ధతి ఇది. పాత వెర్షన్లలో 'పబ్లిక్' అనే పదమే పాస్‌వర్డ్‌లా వాడేవాళ్లు, అదీ ఎన్‌క్రిప్షన్ లేకుండా. అంటే తూము తాళంచెవి గట్టు మీద పెట్టి పోయినట్టే. వెర్షన్ 3 వాడండి.

ఈసారి ల్యాబ్‌లో ప్యాకెట్ ట్రేసర్ తెరిచి మూడు స్విచ్‌ల్ని త్రికోణంలో కలపండి. ఒక పోర్టు నారింజ రంగులోనే ఉండిపోతుంది. అదే మూసిన తూము. పచ్చగా ఉన్న వైరు ఒకటి తీసి చూడండి. కాసేపటికి అది తెరుచుకుంటుంది, గేటు ఎత్తడానికి ఎవరూ పోనక్కర్లేకుండానే.