జపాల పుస్తకం కొనేముందు రెండో పేజీ చూడండి

పుస్తకం ఎవరు రాశారని అడుగుతాం. వెల ఎంతని అడుగుతాం. ఎవరు అచ్చువేశారని మాత్రం మనలో చాలామంది అడగరు. మన పెద్దలకు ఈ పట్టింపు ఉండేది. భారతమైనా భాగవతమైనా "వావిళ్ల వారి ప్రతేనా?" అని చూసి మరీ కొనేవారు. 1854లో చెన్నపట్నంలో వావిళ్ల రామస్వామి శాస్త్రులుగారు నెలకొల్పిన ఆ సంస్థ శ్రద్ధగా పరిష్కరించిన ప్రతులకు పేరు పొందింది. నిత్యం చదువుకునే గ్రంథంలో అక్షరం తప్పు పోకూడదని వారి ఉద్దేశం. మన సంఘంలోని కతోలిక కుటుంబాలు జపాల పుస్తకం, బైబిలు, పూజా గ్రంథం కొనేటప్పుడు కూడా ఇదే పట్టింపు ఉండాలి.

సామల్పట్టి, ఊత్తంగరై, కృష్ణగిరి, హోసూరు వైపు ఉన్న మనవాళ్లకు ఇది మరికాస్త ఎక్కువే అవసరం. కారణం భాష. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలు 1997లో సేలం నుంచి విడదీసిన ధర్మపురి మేత్రాసనం కిందికి వస్తాయి. ఇక్కడి గుళ్లలో పూజ తమిళంలో జరుగుతుంది. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఇక తెలుగుకు మిగిలింది ఇల్లే. సాయంత్రం జపమాల చెప్పుకునే ఆ పావుగంటలో పిల్లలు చేతపట్టే తెలుగు పుస్తకం కొన్ని ఇళ్లలో అదొక్కటే. అందులో ఏది అచ్చయితే వాళ్లకు అదే భక్తి, అదే భాష.

రెండో పేజీలో ఏముంటుంది?

అట్ట తిప్పితే పుస్తకం పేరున్న పేజీ వస్తుంది. దాని వెనక ఉన్నదే రెండో పేజీ. ప్రచురణకర్త పేరు, ఊరు, ఎన్నో ముద్రణ, ఏ సంవత్సరం, అనువాదం ఎవరిది అన్నవి అక్కడ ఉండాలి. కతోలిక పుస్తకమైతే రెండు లాటిను మాటలు కూడా కనిపించవచ్చు. ఒకటి 'నిహిల్ ఒబ్‌స్టాట్'. అడ్డేమీ లేదని అర్థం. పుస్తకం చదివి పరిశీలించిన పండితుడు ఇచ్చే మాట ఇది. రెండోది 'ఇంప్రిమాతూర్'. అచ్చువేయవచ్చని మేత్రాణులు, అంటే బిషప్పుగారు, ఇచ్చే అనుమతి. పుస్తకంలోని ప్రతి అభిప్రాయాన్నీ ఆయన ఒప్పుకున్నారని దీనర్థం కాదు. విశ్వాసానికీ నీతికీ విరుద్ధమైనది అందులో లేదని మాత్రమే. కొన్ని పుస్తకాల్లో లాటిను మాటలు లేకుండా అనుమతి సంగతి మామూలు భాషలోనే రాస్తారు. అదీ చెల్లుతుంది.

1983 నాటి తిరుసభ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. బైబిలుకు రోము అనుమతో, బిషప్పుల సమాఖ్య అనుమతో కావాలి. జపాల పుస్తకాలకూ, జ్ఞానోపదేశ పుస్తకాలకూ స్థానిక బిషప్పు అనుమతి కావాలి. గుడిలో అమ్మకానికి పెట్టే మత గ్రంథాలు అనుమతి పొందినవే అయి ఉండాలి. అందుకే సంతలో కన్నా గుడి పుస్తకాల బల్ల దగ్గర కొనడం మేలు.

అదే చట్టంలోని 829వ నిబంధనను మనం ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవాలి. మూల గ్రంథానికి ఇచ్చిన అనుమతి దాని కొత్త కూర్పులకు గానీ, అనువాదాలకు గానీ చెల్లదు. ఇంగ్లీషు పుస్తకానికి ఎప్పుడో ఎక్కడో వచ్చిన ఇంప్రిమాతూర్‌ను తెలుగు అనువాదం మీద వేసుకుంటే సరిపోదు. తెలుగు పాఠాన్ని చూసి అనుమతించినదెవరో అందులో ఉండాలి. కొత్త కూర్పైతే ఆ కూర్పుకు అనుమతి ఉండాలి.

బైబిలు: పుస్తకాలు లెక్కపెట్టండి

తెలుగు బైబిలు అడిగితే అంగట్లో ఎక్కువగా ఇచ్చేది బైబిల్ సొసైటీవారి 'పరిశుద్ధ గ్రంథము'. మామూలుగా దొరికే ఆ ప్రతిలో 66 పుస్తకాలుంటాయి. అది చెడ్డ పుస్తకమేమీ కాదు, ప్రొటెస్టెంటు సోదరుల గ్రంథం. కతోలిక బైబిలులో మాత్రం 73 ఉండాలి. పాత నిబంధనలో 46, కొత్త నిబంధనలో 27. తోబితు, యూదితు, మక్కబీయుల రెండు గ్రంథాలు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా జ్ఞానగ్రంథం, బారూకు ఉన్నాయేమో విషయసూచికలో చూడండి. లేకపోతే పూజలో చదివే పఠనాలు కొన్ని మీ ఇంటి ప్రతిలో దొరకవు.

కీర్తనల అంకెల్లోనూ తేడా ఉంటుంది. పాత లాటిను పుస్తకాల్లో 50వది అయిన పశ్చాత్తాప కీర్తన నేటి బైబిళ్లలో 51వది. అది అచ్చుతప్పు కాదు, లెక్కపెట్టే పద్ధతి వేరు.

తెలుగులో లోతుగా చదవాలనుకునేవారికి యేసు సభ గురువు పూదోట జోజయ్యగారి 'బైబులు భాష్యం' సంపుటాలు మంచి తోడు. తెలుగు వికీసోర్సులో అవి ఉచితంగా చదువుకోవచ్చు. ఊరుగాని ఊళ్లో ఉన్నవారికి అదెంతో సౌకర్యం.

పూజా గ్రంథం: సంవత్సరం చూడండి

మిస్సల్ కొనేటప్పుడు అట్ట మీది బంగారు అక్షరాలు చూసి మోసపోకండి. పైన పటారం లోన లొటారం కాకుండా ఉండాలంటే సంవత్సరమే కొలత. 1570లో ఐదవ పయస్ పాపుగారు వెలువరించిన లాటిను పూజా గ్రంథానికి చివరి కూర్పు 1962లో వచ్చింది. ఆరవ పౌలు పాపుగారి కొత్త గ్రంథం 1970లో వచ్చింది. దాని మూడవ కూర్పు 2002లో వెలువడింది. పవిత్ర వారపు పూజలు 1955లోనే మారాయి కనుక అంతకు ముందటి మిస్సళ్లలో ఆ భాగం వేరు.

పునీత జోజప్పగారి పేరు కూడా గుర్తుగా ఉపయోగపడుతుంది. పాత లాటిను పూజలోని ప్రధాన ప్రార్థనలో ఆ పేరు 1962లో చేరింది. నేటి పూజలోని రెండు, మూడు, నాలుగు కృతజ్ఞతా ప్రార్థనల్లో 2013లో చేరింది. అక్కడ ఆయన పేరు లేకపోతే పుస్తకం అంతకు ముందటిదన్న మాట.

విదేశాల్లో పాత పద్ధతి పుస్తకాలు వేసే సంస్థల్లో మూడు పేరున్నవి. 1967లో అమెరికాలో మొదలైన టాన్ బుక్స్ పాత భక్తి గ్రంథాలను తిరిగి అచ్చువేసి పేరు తెచ్చుకుంది. 2002లో మొదలైన బరోనియస్ ప్రెస్ 1962 నాటి మిస్సల్‌ను లాటిను, ఇంగ్లీషుల్లో పక్కపక్కన వేస్తుంది. ఏంజెలస్ ప్రెస్ పదవ పయస్ సంఘానిది. 1988లో ఆ సంఘ స్థాపకుడు పాపుగారి అనుమతి లేకుండా బిషప్పులను అభిషేకించడంతో రోముతో దాని సంబంధం చిక్కుల్లో పడింది. కొనేవారు ఈ సంగతి తెలిసి కొనాలి. ఇంకొకటి. 2021 జులైలో పాపుగారి ఉత్తర్వు వచ్చాక 1962 నాటి లాటిను పూజకు బిషప్పు అనుమతి అవసరమైంది. చదువుకోవడానికీ, దాచుకోవడానికీ ఆ మిస్సల్ బాగుంటుంది. ఆదివారం మన గుడిలో తెరిచి పట్టుకుంటే మాత్రం పూజ ఒక దారి, పుస్తకం ఒక దారి.

మనకు అందుబాటులో ఉన్నవి

తెలుగుకు సికింద్రాబాదులోని అమృతవాణి. తెలుగు బిషప్పుల ఆధ్వర్యంలో నడిచే ప్రసార కేంద్రమది. తమిళానికి తిండివనంలోని బైబిలు, జ్ఞానోపదేశ, పూజా కేంద్రం. గుడిలో తమిళ పూజను అనుసరించేవారు దాని పుస్తకాలే చూసుకోవాలి. ఇంగ్లీషుకు బెంగళూరు మనకు దగ్గర. థియొలాజికల్ పబ్లికేషన్స్, ఏటీసీ, క్లరీషియన్ సంస్థలు అక్కడివే. ముంబయిలో సెయింట్ పాల్స్ ఉంది. ఇంగ్లీషు పూజకు వెళ్లే పిల్లలుంటే మన దేశంలో 2020లో పఠన గ్రంథం మారిందని గుర్తుంచుకోండి. పాతదానిలోని మాటలు గుడిలో వినిపించే మాటలతో కలవవు.

గుణదల తిరునాళ్లకు, ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు, విజయవాడ వెళ్లేవారు ఎవరైనా ఉంటే ఇరుగుపొరుగు కుటుంబాలు తమకు కావలసిన తెలుగు పుస్తకాల చిట్టీ ముందే రాసివ్వవచ్చు.

మరి మూడు జాగ్రత్తలు

ఒకటి: జపమాలలో వెలుగు దేవ రహస్యాలు రెండవ జాన్ పౌల్ పాపుగారు 2002లో సూచించినవి. మరియమాత ప్రార్థనమాలలో 2020లో మూడు బిరుదులు చేరాయి. వాటిలో ఒకటి వలసపోయినవారికి ఓదార్పు అన్న అర్థమిచ్చేది. సొంత గడ్డకు దూరంగా ఉన్న మనకు అది ఎంత దగ్గరి మాటో చెప్పనక్కరలేదు. ఇవి లేని పుస్తకం తప్పుది కాదు, పాతది. అంచున పెన్సిలుతో రాసుకుంటే చాలు.

రెండు: ఇన్ని రోజులు ఈ జపం చేసి ఇంతమందికి పంచితే ఫలానాది జరిగి తీరుతుందనే కరపత్రాలను నమ్మకండి. పునీత బ్రిజిత పేరుతో తిరిగే ఇలాంటి వాగ్దానాలపై రోము 1954లోనే హెచ్చరించింది. ప్రచురణకర్త పేరు లేని కాగితానికి జవాబుదారీ ఉండదు.

మూడు: తమిళ లిపిలో రాసిన తెలుగు జపాలు. పిల్లలకు సులువని కొంటాం. కానీ తమిళంలో త, ద లకు ఒకే అక్షరం, ప, బ లకు ఒకే అక్షరం. 'దయ' కాస్తా 'తయ' అవుతుంది, 'బలిపూజ' కాస్తా 'పలిపూజ' అవుతుంది. దానికి బదులు పెద్ద అక్షరాల తెలుగు పుస్తకం కొని, పరలోక జపం, మంగళవార్త జపం వేలు పెట్టి చదివించండి. నోటికి వచ్చిన మాటలే కనుక అక్షరాలు త్వరగా పట్టుబడతాయి.

అమ్మమ్మల, తాతయ్యల నాటి జపాల పుస్తకాలు ఇంట్లో ఉంటే పారేయకండి. వాటి రెండో పేజీ కూడా ఒకసారి చూడండి. సంవత్సరం, ఊరు, అచ్చుకూటం పేరు కనిపిస్తే మీ కుటుంబం ఏ దారిన ఇటు వచ్చిందో కొంత తెలియవచ్చు. చినిగిన పేజీలు అతికించి, లోపలి అట్ట మీద ఎవరిదో, ఎప్పటిదో రాసిపెట్టండి. కొత్తగా కొన్నదాని మీద మీ పిల్లల పేర్లు తెలుగులో రాయించండి. ఆ పేర్లు వాళ్ల చేతే రాయిస్తే మరీ మంచిది.