భీమిలి దారిలో ఒకే ఇసుక

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగేవాళ్లలో చాలామంది ఫొటోల కోసమే ఆగుతారు. ఆ రంగు అలాంటిది మరి. సినిమావాళ్లు కూడా ఏళ్ల తరబడి అందుకే వస్తున్నారు. ఫొటోలో పడని సంగతి మాత్రం ఒకటుంది. ఆ దిబ్బ, దాని ముందున్న బీచ్, బీచ్ ముందు నీళ్లలో మునిగి ఉన్న ఇసుక తిన్నె మూడు వేర్వేరు వస్తువులు కావు. ఒకే ఇసుక ఒకప్పుడు గాలి చేతిలో, ఒకప్పుడు నీటి చేతిలో పడి అలా మూడు చోట్ల మూడు రూపాల్లో కనిపిస్తోంది. కారులో కూర్చుంటే ఇది తెలియదు. కొంత దూరం నడవాలి, కొంత దూరం సైకిల్ తొక్కాలి, ఈత వచ్చినవాళ్లు కాసేపు సర్ఫ్ బోర్డు మీద అల కోసం ఎదురుచూడాలి.

ముందు నడుద్దాం. రోడ్డు దిగి లోపలికి వెళ్తే జీడిమామిడి తోపులు, తాటిచెట్లు, ముళ్లపొదలు. వాటి మధ్య నడుస్తుండగానే నేల హఠాత్తుగా తెగిపోతుంది. కింద వానాకాలంలో మాత్రమే పారే గెడ్డ దారి, దానికి రెండు పక్కలా నిలువునా ఎర్రటి గోడలు. ఒక గెడ్డలోకి దిగితే అది ఇంకో గెడ్డలోకి, అది మరోదానిలోకి తీసుకుపోతుంది. పైనుంచి చూస్తే చెట్టు కొమ్మల్లా చీలిన దారులివి. దారి తెలియకపోతే కాసేపు అందులోనే తిరగాల్సి వస్తుంది.

అసలు ఇసుక నిలువుగోడలా ఎలా నిలబడింది? పొడి ఇసుకను కుప్పగా పోస్తే ఎంత ప్రయత్నించినా వాలు 33 డిగ్రీలు దాటదు, జారిపోతుంది. ఈ గోడలు 90 డిగ్రీలకు దగ్గరగా ఉన్నాయి. కారణం రంగులోనే ఉంది. ఒక్కో రేణువు చుట్టూ ఇనుప ఆక్సైడు పూత ఉంది, రేణువుల సందుల్లో సన్నటి బంకమన్ను చేరింది. వేల ఏళ్లుగా వాననీళ్లు ఆ మన్నును పైనుంచి కిందికి దింపుతూ వచ్చాయి. ఎండినంతకాలం అది జిగురులా పట్టి ఉంచుతుంది. బాగా తడిస్తే పట్టు వదిలేస్తుంది, గోడ విరిగిపడుతుంది. వానలప్పుడు ఆ గోడల కింద నడవడం మంచిది కాదనేది అందుకే.

ఇనుము ఎక్కడిదంటే వెనక ఉన్న తూర్పు కనుమల కొండలది. ఖోండలైటు అనే ఈ రాతిలో గార్నెట్ లాంటి ఇనుమున్న ఖనిజాలు దండిగా ఉంటాయి. వేడి, తడి, మళ్లీ ఎండ, ఇలా మార్చి మార్చి తగిలే వాతావరణంలో ఆ ఖనిజాలు శిథిలమై, ఇనుము బయటపడి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి హెమటైటుగా ఇసుక మీద పేరుకుంది. దిబ్బల్లో అట్టడుగున పసుపు ఇసుక, దాని మీద గట్టి గుళ్లలాంటి ముద్దలున్న ఎర్రగోధుమ పొర, ఆపైన ఇటుక ఎరుపు పొర, అన్నిటికన్నా పైన లేత పసుపు ఇసుక కనిపిస్తాయి. పైపొర ఇంకా చిన్నది, ఎరుపెక్కే వయసు రాలేదు. ఈ రంగు మార్పును శిలా రూపాంతరం అని కొన్నిచోట్ల రాస్తుంటారు. అది పొరపాటు. రూపాంతరం జరగాలంటే భూగర్భంలో వందల డిగ్రీల వేడి, అణిచివేసే ఒత్తిడి కావాలి. ఇక్కడ పనిచేసినవి గాలి, నీరు, తీరిక.

ఈ దిబ్బల గురించి మొదట 1886లో రాసినవాడు భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్. అప్పటినుంచీ ఒక వాదన నడుస్తోంది. ఈ ఇసుకను సముద్రం తెచ్చిందా, ఏరులు తెచ్చాయా, గాలి తెచ్చిందా? ముగ్గురికీ తలా కొంత భాగం ఉందనే మాట నాకు నచ్చుతుంది, కానీ పెద్ద వాటా గాలిదే అనిపిస్తుంది. దానికి ఆధారం గడిచిన మంచుయుగం. సుమారు 20,000 ఏళ్ల క్రితం ధ్రువాల దగ్గర, ఉత్తర ఖండాల మీద మంచు పేరుకుపోయినప్పుడు ప్రపంచమంతటా సముద్ర మట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి దిగింది. భీమిలి దగ్గర నిలబడితే నీళ్లు కళ్లకు ఆనేవి కావు. ఇప్పుడు చేపలు తిరిగే చోటంతా పదుల కిలోమీటర్ల ఎండు ఇసుక మైదానం. దాని మీదుగా వీచిన గాలి ఆ ఇసుకను ఎగరేసుకుంటూ కొండల పాదాల దాకా తెచ్చి పడేసింది. తమిళనాడులో తూత్తుకుడి, తిరునెల్వేలి ప్రాంతాల్లో తేరి అనే ఎర్ర ఇసుక దిబ్బలున్నాయి. శ్రీలంక వాయవ్య తీరంలోనూ ఇలాంటివి కనిపిస్తాయి. ప్రపంచంలో ఎర్ర తీరపు దిబ్బలు చాలా తక్కువ.

వయసు ఎలా తెలుస్తుంది? ఇసుకలోని క్వార్ట్జ్ రేణువు ఒక గడియారం. చుట్టూ ఉన్న మట్టిలోని సహజ రేడియోధార్మికత వల్ల దాని స్ఫటికంలోని లోపాల్లో ఎలక్ట్రాన్లు కొద్దికొద్దిగా చిక్కుకుంటూ పోతాయి. ఎండ తగిలితే అవి విడుదలైపోయి గడియారం మళ్లీ సున్నాకు వస్తుంది. పైన ఇంకో పొర పడి చీకటి కమ్మగానే లెక్క మొదలవుతుంది. అందుకే శాస్త్రవేత్తలు నల్లగొట్టాన్ని గోడలోకి దిగగొట్టి, వెలుతురు సోకకుండా నమూనా తీస్తారు. ప్రయోగశాలలో దాని మీద కాంతి పడేసి, అది తిరిగి వెదజల్లే వెలుగును కొలుస్తారు. రేణువు ఆఖరిసారి సూర్యుణ్ణి చూసి ఎన్నాళ్లయిందో అలా బయటపడుతుంది. ఈ దిబ్బల్లో రాతియుగపు మనుషుల పనిముట్లు కూడా దొరికాయి. కాబట్టి ఆ గాలిదుమ్ములో తిరిగినవాళ్లూ ఉన్నారు.

ఇక సైకిల్. విశాఖ బీచ్ నుంచి భీమిలి దాకా 25 కిలోమీటర్ల పైచిలుకు దారి. ఒక పక్క కైలాసగిరి, ఋషికొండ, బౌద్ధుల ఆరామం ఉన్న తొట్లకొండ, ఇంకో పక్క సముద్రం. పొద్దున్నే బయల్దేరితే గాలి పెద్దగా ఉండదు. అప్పుడు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కండి. ముఖానికి కొట్టే ఆ గాలే, ఇంచుమించుగా, పొడి ఇసుక కదలడానికి కావలసినంత గాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక బీచ్‌లో చీలమండల దగ్గర సన్నగా గుచ్చుకుంటుందే, అది ఎగిరిన ఇసుక కాదు, గెంతుతున్న ఇసుక. ఒక రేణువు లేచి, కాస్త దూరం పోయి పడి, పడుతూనే ఇంకో నాలుగింటిని లేపుతుంది. బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బాగ్నోల్డ్ ఎడారుల్లో తిరిగి, గాలి సొరంగంలో ప్రయోగాలు చేసి, 1941లో అచ్చయిన పుస్తకంలో ఈ లెక్కలన్నీ తేల్చాడు. రేణువులు చాలామటుకు మోకాలి ఎత్తు దాటవు. అందుకే వాటిని ఆపడానికి గోడ అక్కర్లేదు, తీగ చాలు.

ఆ తీగలు రోడ్డు పక్కనే ఉంటాయి. మేకగిట్ట ఆకారపు ఆకులతో, ఊదారంగు పూలతో పాకే చెవులపిల్లి తీగ, ముట్టుకుంటే గుచ్చుకునే రావణాసుర మీసాలు. ఇసుక వీటి మీద పడినకొద్దీ ఇవి పైకి పెరుగుతాయి, దిబ్బ కూడా పెరుగుతుంది. వీటికి బదులు తీరమంతా సరుగుడు తోటలు వేయడం మన అలవాటు. గాలిని అవి ఆపుతాయి, వంటచెరకూ ఇస్తాయి. కానీ రాలిన సరుగుడు ఆకు కింద వేరే మొక్క మొలవదు. నీళ్ల అంచు దాకా చెట్లు వస్తే గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు చోటు మిగలదు. బీచ్‌కు దగ్గరలో తీగ, దూరంగా చెట్టు ఉండాలనేది తెలిసిన సంగతే అయినా నాటేటప్పుడు ఎవరికీ గుర్తుండదు.

ఎర్రమట్టి దిబ్బలను భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. ఆ జాబితాలో కనీసం ఏడాది ఉంటేనే అసలు ప్రతిపాదన పంపడానికి వీలవుతుంది, కాబట్టి ఇది ఇంకా గుమ్మం ముందు నిలబడటమే. చుట్టూ మట్టి తవ్వకాలు, స్థలాల చదునుల గొడవలు మాత్రం పత్రికల్లో తగ్గలేదు. వాన కూడా దిబ్బను కోస్తోంది కదా, యంత్రం కోస్తే తేడా ఏమిటని అడిగేవాళ్లున్నారు. వాన కోసినది గెడ్డ వెంట సముద్రానికి చేరి బీచ్‌లో కలుస్తుంది. లారీలో వెళ్లినది వెనక్కి రాదు. పైగా వాన కోత లేకపోతే ఆ ఎర్ర గోడలు, ఆ పొరలు మనకు కనిపించేవే కావు. గెడ్డకు అడ్డంగా రోడ్డు కట్టో ప్రహరీయో వేసి దిబ్బను మాత్రం కాపాడామనుకోవడం సగం పనే.

బీచ్‌కు చేరిన ఇసుక తర్వాత ఏమవుతుందో ఋషికొండలో సర్ఫింగ్ చేసేవాళ్లకు బాగా తెలుస్తుంది. అక్కడికొచ్చే మంచి అలలు చాలావరకు మన గాలికి పుట్టినవి కావు. హిందూ మహాసముద్రపు దక్షిణపు కొసన, 7,000 కిలోమీటర్ల అవతల తుపానుల్లో పుట్టినవి. శిఖరానికీ శిఖరానికీ మధ్య 14 సెకన్లుండే ఆ అలల గుంపు గంటకు 39 కిలోమీటర్ల చొప్పున కదులుతూ వారం దాటాక ఇక్కడికి చేరుతుంది. లోతు సముద్రంలో అలాంటి అల పొడవు 300 మీటర్లు. అందులో సగం లోతుకు, అంటే 150 మీటర్లకు, వచ్చేసరికి దానికి అడుగు నేల తగలడం మొదలవుతుంది. మంచుయుగంలో గాలి ఇసుకను మోసిన ఎండు మైదానం అంచు ఇంచుమించు అదే. అంటే దిబ్బలకు పుట్టిల్లయిన నేల మీదుగానే అల నెమ్మదిస్తూ, ఎత్తు పెరుగుతూ వస్తుంది. ఎత్తుకు 1.3 రెట్లు లోతున్న చోటికి వచ్చి విరుగుతుంది. మీటరు అలకు మనిషి ఛాతీ లోతు.

ఎక్కడ విరగాలో తేల్చేది మునిగిన తిన్నె. తిన్నెల మధ్య ఖాళీలోంచి, ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ సముద్రంలోకి వెనుదిరుగుతాయి. చూడటానికి అక్కడ అలలు తక్కువగా, నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి, కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. విశాఖ తీరంలో మునిగిపోతున్నవాళ్ల కథల వెనక చాలాసార్లు ఈ ప్రవాహమే ఉంటుంది. దానికి ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా కొంత దూరం ఈది, అలలు విరుగుతున్న చోటికి చేరి వాటితో బయటికి రావాలి. సర్ఫర్లు మాత్రం అదే ప్రవాహాన్ని లోపలికి పోవడానికి వాడుకుంటారు.

తిన్నెలు ఒక చోట ఉండవు. నైరుతి గాలులున్నంతకాలం అలలు ఏటవాలుగా తగిలి ఇసుకను ఉత్తరానికి, భీమిలి వైపు తోస్తాయి. చలికాలంలో కొంత వెనక్కి తెస్తాయి. లెక్క మొత్తం మీద ఉత్తరం పోయేదే ఎక్కువ. 1970ల్లో విశాఖ ఓడరేవు ఔటర్ హార్బర్ గోడలు ఆ దారికి అడ్డుపడ్డాక నగరంలోని బీచ్ కోతకు గురవుతూ వచ్చింది. గోడకు దక్షిణాన ఆగిన ఇసుకను తవ్వి, గొట్టాల్లో నీటితో కలిపి తెచ్చి ఆ బీచ్‌లో పోస్తుంటారు. పోసింది పోసినట్టు ఉండదు, మళ్లీ ఉత్తరానికి కదిలిపోతుంది. అందులో ఎంతో కొంత ఋషికొండ ముందు తిన్నెల్లో చేరుతుంది, అందుకే నిరుడు బాగా విరిగిన అల ఈ ఏడు అదే చోట విరుగుతుందన్న నమ్మకం లేదు. బోర్డు పట్టుకుని దిగేముందు కాసేపు ఒడ్డున నిలబడి, తెల్లటి నురగ ఎక్కడ లేస్తోందో చూసుకుని దిగడం మేలు.