10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ నా బుల్లి రైలింజన్‌ని ఎందుకు నడపలేకపోయింది?

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూలు రాసే నేను ఈసారి రైలింజన్ గురించి రాస్తున్నా. నవ్వకండి, ఇందులో కూడా బ్యాటరీ, మోటార్, సర్క్యూట్ అన్నీ ఉన్నాయి. బ్యాటరీల గురించి నాకు అంతా తెలుసన్న పొగరు కూడా దీంతోనే దిగింది.

ఇంగ్లండ్‌లో ఉంటున్న ఫ్రెండ్ సెలవులకి వస్తూ ఒక కిట్ తెచ్చిచ్చాడు. సింప్లెక్స్ రకం న్యారో గేజ్ ఇంజన్. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల దాకా సరుకు చేరవేయడానికి మోటార్ రైల్ అనే కంపెనీ చేసిన పెట్రోల్ ఇంజన్లివి. ఆవిరి ఇంజన్ అయితే పొగ చూసి శత్రువు గురి పెట్టేస్తాడు కదా, అందుకని ఇవి. కిట్ స్కేలు 1:19. అంటే మన డార్జిలింగ్, మాథెరాన్ బుల్లి రైళ్ల 610 మి.మీ. గేజ్ ఇక్కడ 32 మి.మీ. అవుతుంది. ఇదే స్కేల్లో మన మామూలు బ్రాడ్ గేజ్ చేస్తే పట్టాల మధ్య 88 మి.మీ. ఉండాలి. ఇంట్లో పెట్టుకోవాలంటే న్యారో గేజే దిక్కు.

బిగించడం

లేజర్‌తో కోసిన ప్లైవుడ్ ముక్కలు, రెండు ఇరుసులు, వాటిని కలిపే చిన్న చైన్, ఒక డీసీ మోటార్, వార్మ్ గేర్, నాలుగు ఏఏ సెల్స్ పట్టే హోల్డర్. బాడీ అంతా ఫెవికాల్ పనే, ఒక సాయంత్రంలో అయిపోతుంది. టైమంతా తినేది కింద ఫ్రేమే. దాన్ని అద్దం మీద పెడితే నాలుగు చక్రాలూ ఆనాలి. ఒక్కటి లేచినా పట్టాల మీద కుంటుతుంది. నాది లేచింది, ఊడదీసి మళ్లీ అతికించా. వార్మ్‌కీ గేర్‌కీ మధ్య ఒక సన్న కాగితం పెట్టి బిగించి, తర్వాత కాగితం లాగేయండి. సరిపడా సందు మిగులుతుంది. ఈ చిట్కా లేకపోతే గేర్ కీచుమంటూనే ఉంటుంది. కిట్‌లో ఉత్త స్విచ్చే ఉంది. నేను 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్, స్పీడ్ కంట్రోలర్ కలిపా.

ఇక్కడే తెలివి చూపించా

నాలుగు రీఛార్జబుల్ ఏఏ సెల్స్ అంటే 4.8 వోల్టులు, 2000 ఎంఏహెచ్. నా పవర్ బ్యాంక్ 5 వోల్టులు, 10,000 ఎంఏహెచ్. ఇంకేం కావాలి? వెనక వ్యాగన్‌లో పవర్ బ్యాంక్ పెట్టి యూఎస్‌బీ వైరు ముందుకి లాగా. ఇంజన్ బ్రహ్మాండంగా కదిలింది. ఆపి, అరనిమిషం తర్వాత మళ్లీ నడుపుదామంటే రిమోట్‌కి ఉలుకూ పలుకూ లేదు.

కారణం చాలా సింపుల్. ఫోన్ ఫుల్ అయ్యాక పవర్ బ్యాంక్ తనంతట తాను ఆగిపోతుంది కదా? బయటికి వెళ్లే కరెంటు బాగా తగ్గితే "ఫోన్ తీసేశారు" అనుకుంటుంది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు నా రిసీవర్ తాగేది 30 మిల్లీ ఆంపియర్లే. దాన్ని అది లెక్కలోకే తీసుకోలేదు. ప్రతి స్టేషన్‌లోనూ వంగి బటన్ నొక్కే స్టేషన్ మాస్టర్ ఉద్యోగం నాకొద్దు. ఇంకో విషయం, ఆ 10,000 కూడా లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గర లెక్క. అంటే 37 వాట్ అవర్స్. ఏఏ సెల్స్ ఇచ్చేది 9.6 మాత్రమే. కాగితం మీద నాలుగింతలు, పట్టాల మీద సున్నా.

ఏఏ సెల్స్‌కే తిరిగొచ్చా. డాబా మీద ఇటుకలు పేర్చి, 25 అడుగులకి ఒక అడుగు లేచే ఎత్తు కట్టా. ఒకటిన్నర కిలోల మూడు వ్యాగన్లు తగిలిస్తే చక్రాలు అక్కడే గిర్రున తిరిగాయి, బండి కదల్లేదు. నాన్న కాజీపేటలో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యారు. కుర్చీలోంచే చూసి, "బ్యాటరీ కాదురా, బరువు లేదు. వానొస్తే మేం పట్టాల మీద ఇసుక వదిలేవాళ్లం" అన్నారు.

స్ప్రింగ్ తూకంతో లాగి చూశా. 640 గ్రాముల ఇంజన్ చక్రాలు జారేలోపు లాగగలిగేది 150 గ్రాములు. ఆ ఎత్తుకి 86, వ్యాగన్ల రాపిడికి 75, మొత్తం 161 కావాలి. నాన్న తూకం లేకుండానే చెప్పేశారు.

ప్లైవుడ్ వాసన

టైర్ల షాపులో వీల్ బ్యాలెన్సింగ్‌కి అంటించే బరువులు తెచ్చి 800 గ్రాములు కుక్కేశా. పనిలో పనిగా స్పీడ్ కోసం పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిన రెండు 18650 సెల్స్ సిరీస్‌లో పెట్టా. ఫుల్ ఛార్జ్‌లో 8.4 వోల్టులు. ఫ్యూజ్ లేదు, ప్రొటెక్షన్ సర్క్యూట్ లేదు. మలుపులో పూలకుండీ అంచుకి ఇంజన్ ఆనుకుంది. నేను ఫోన్‌లో వీడియో తీసే ధ్యాసలో ఉన్నా. ముందు కమురు వాసన, తర్వాత సన్నగా పొగ. వైరు తొడుగు కరిగి ప్లైవుడ్‌కి అంటుకుంది. హోల్డర్ లాగేసరికి వేలు కాలింది.

తర్వాత మల్టీమీటర్ పెడితే అర్థమైంది. మోటార్ తిరక్కుండా బిగుసుకుపోతే 4.8 వోల్టుల దగ్గర తీసుకునేది 1.6 ఆంపియర్లు, 8.4 దగ్గర 2.8. కాయిల్‌లో వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి మూడింతలు. మరి ముందు ఎప్పుడూ ఎందుకు కాలలేదు? అప్పుడు ఇంజన్ తేలిక, దేనికైనా ఆనుకుంటే చక్రాలు జారేవి, మోటార్ తిరుగుతూనే ఉండేది. జారడమే దానికి ఫ్యూజ్. బరువు కుక్కి ఆ ఫ్యూజ్ నేనే పీకేశా. మీ ఫోన్ బ్యాటరీకి ఒక ప్రొటెక్షన్ సర్క్యూట్ కాపలా ఉంటుంది. ఉత్త సెల్ పెట్టినప్పుడు ఆ కాపలా మనమే, మనం వీడియో తీసుకుంటూ ఉంటాం.

ఇప్పుడు బరువు 400 గ్రాములే. ఇంజన్‌ని చేత్తో ఆపితే మోటార్ బిగుసుకునే ముందే చక్రాలు జారాలి, అదే నా పరీక్ష. లాగే బలం 250 గ్రాములకి చేరింది, కావాల్సింది 177. బ్యాటరీ పాజిటివ్ వైరు మీద, హోల్డర్‌కి దగ్గరగా 1 ఆంపియర్ ఫ్యూజ్ పెట్టా. ఏఏ సెల్సే అయినా ఫ్యూజ్ మాత్రం మానకండి, షార్ట్ అయితే అవీ వైరుని కాల్చగలవు. నడుస్తుంటే తాగేది 0.35 ఆంపియర్లు. లెక్క ప్రకారం ఐదున్నర గంటలు పైనే రావాలి, నాకు నాలుగున్నర వచ్చింది. చాలు.

నాన్నకి ఒక్కటే నచ్చలేదు. వార్మ్ గేర్‌ని చక్రాలు వెనక్కి తిప్పలేవు, కరెంటు ఆపగానే బండి మేకు కొట్టినట్టు నిలబడిపోతుంది. "అట్లా ఆగితే వెనకున్న డబ్బాలన్నీ పైకొస్తయిరా" అన్నారు. స్పీడ్ కంట్రోలర్‌లో ఆగే టైముని ఆరు సెకన్లకి మార్చి రిమోట్ ఆయన చేతికిచ్చా. ఇంకా తిరిగివ్వలేదు.