కుడిపక్క కాకున్నను ఉండుకమే కావచ్చును

"ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి" అని మనవారు పిలుచు అపెండిసైటిస్ కుడి పొత్తికడుపులోనే వచ్చునని పలువురి నమ్మకము. మా సుల్తానాబాదులో కడుపునొప్పి యనగానే "కుడిపక్కనా?" యని అడుగుదురు. కాదన్నచో వాము నమిలించి, బొడ్డుపై ఇంగువ పట్టు వేసి, అప్పటికిని తగ్గకున్న ఆముదము త్రాగింతురు. మొదటి రెంటివలన కాలము వృథా యగును. మూడవది ప్రాణముమీదికి తేగలదు.

చిన్నప్రేగు పెద్దప్రేగుతో కలియుచోట సంచివంటి భాగము కలదు. సుశ్రుతుడు ఉండుకమన్నది దీనినేయని పలువురు వ్యాఖ్యానింతురు. దానినుండి వ్రేలాడు సన్నని గొట్టమే అపెండిక్సు. నేటి తెలుగు పుస్తకములు ఈ తోకనే ఉండుకమనుచున్నవి. ఉండుకపుచ్ఛమన్నచో ఇంకను సరిగా నుండునని నా అభిప్రాయము. దీని మొదలు స్థిరము, కొస మాత్రము గుంజకు కట్టిన దూడవలె ఎటైనను తిరుగును. పొడవు సాధారణముగా 8 నుండి 10 సెంటీమీటర్లు. 2 మాత్రమే యున్నవారును, 20 వరకు నున్నవారును కలరు. 1933లో వేక్లీ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు 10,000 మందిని గూర్చి ప్రకటించిన లెక్కలో సుమారు 65 శాతమునకు అది ప్రేగు వెనుకను, 31 శాతమునకు కటివలయములోనికి దిగియు నుండెను. తరువాతి లెక్కలలో ఈ పాళ్లు మారినవి.

ఎక్కడ నున్నదన్న మాత్రమున రోగము రాదు. గట్టిపడిన మలము అడ్డుపడుటచేతనో, లోపలి గ్రంథికణజాలము వాచుటచేతనో గొట్టము మూసికొనిపోవును. లోన ఒత్తిడి పెరిగి, రక్తప్రసారము తగ్గి, కుళ్లి చిల్లుపడును. స్థానభేదము మార్చునది లక్షణములను. తొలుత బొడ్డుచుట్టు నొప్పి, అరుచి, వాంతి తరచుగా కనిపించును. పిమ్మట కొస ప్రేగు వెనుకనున్నచో నొప్పి కుడిడొక్కకో నడుమునకో చేరును. పొట్ట నొక్కినను అంతగా బాధ తెలియకపోవచ్చును. కటిలోనున్నచో మాటిమాటికి మూత్రము, పలుచని విరేచనములు అగును. ఇంటివారు మూత్రదోషమనియో అజీర్ణమనియో భ్రమపడుదురు. నెలలు నిండుచున్న గర్భిణికి నొప్పి పైకి జరుగవచ్చును. అవయవములు ఎడమకుడిగా మారి పుట్టినవారికి ఎడమవైపుననే వచ్చును.

అంతర్విద్రధి లక్షణములను సుశ్రుతుడు స్థానమునుబట్టి వేరుచేసి చెప్పెను: వస్తియందైన మూత్రకష్టము, వంక్షణమునందైన నడుము పట్టుట. గురుకులమున వల్లించునాడు ఇది వట్టి పట్టికగా తోచెడిది. రోగులను చూచిన కొలది దాని విలువ తెలిసినది.

ఆముదము ప్రేగులను వేగముగా కదిలించును. వాచిన గొట్టము పగిలి చీము పొట్టలో వ్యాపించు ప్రమాదము దానివలన హెచ్చును. కావున ఎడతెగని నొప్పితో వాంతి, జ్వరము, అరుచి కలిసినచో, ఏ పక్కననైనను సరే, విరేచనౌషధమును కాపడమును మానవలెను. నోటికేమియు నీయక పెద్దపల్లికో కరీంనగరునకో శస్త్రవైద్యునియొద్దకు వెంటనే కొనిపోవలెను. స్కానింగులో కనబడనంత మాత్రమున లేదని నిశ్చయింపరాదు. వెనుకనున్న కొసను ప్రేగులోని వాయువు కప్పివేయవచ్చును. తీవ్రమైన నొప్పి హఠాత్తుగా తగ్గి, గంటలలో పొట్టయంతయు బిగిసినచో గొట్టము పగిలినదేమోయని అనుమానింపవలెను. నొప్పి ఎప్పుడు, ఎచ్చట మొదలై ఎటు జరిగినదో, ఇంటిలో ఏ మందు వేసితిరో వైద్యునితో దాచక చెప్పుడు.